బాబా కబీర్‌కి నేను చెప్పిన ఇంగ్లీషు ఆట

పోయిన శనివారం సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ, ఈ గల్ఫు దేశంలో మేముండే ఖైతాన్‌లో మా బిల్డింగు కింద ఉన్న మలయాళీ టీ కొట్టు దగ్గర ఆగాను. లోపల టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ వస్తోంది. కడప వైపు మనుషులు నలుగురు పని బట్టల్లోనే నిలబడి చూస్తున్నారు. తెర మీద ఒకడు గీత అవతల నిలబడి, బంతిని తువ్వాలుతో తుడిచి, రెండు చేతులా తల మీదికెత్తి, అంత దూరం నుంచి గోలు ముందుకి విసిరాడు. అక్కడ పదిమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఎవరి మోచెయ్యో ఎవరి మూతికో తగిలింది. ఆ గుంపులోంచి బంతి ఒకడి నెత్తికి తగిలి లోపలికి పోయింది. "పాత ఆట మళ్ళా తెస్తాండారు వీళ్ళు" అన్నాడు ఆ నలుగురిలో పెద్దవాడు. చిన్న చిన్న పాసుల ఆట చూసి చూసి అక్కడి జనానికి విసుగు పుట్టిందనీ, ఇప్పుడు జట్లన్నీ మళ్ళీ విసుర్లకీ పొడుగు తన్నులకీ దిగుతున్నాయనీ మిగతావాళ్ళకి చెప్పాడు. నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ పాత ఆట మీద ప్రాణం పెట్టుకున్న ఒక ముసలాయనకి నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. రాసుకుంటే గుండె తేలిక అవుతుందంటారు. అవుతుందని నాకు నమ్మకం లేదు. అయినా రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి, మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషూ, ఇంటర్ సర్టిఫికెట్టూ పట్టుకుని, ఈ దేశంలోనే అర్దియా అనే పేటలో ఒక పెద్ద ఇంటికి పనికి వచ్చాను. సర్టిఫికెట్టు ఎవరూ అడగలేదు. వంటింట్లో నా పైన లక్ష్మీదేవక్క ఉండేది. రాయచోటి మనిషి, అప్పటికే ఆ ఇంట్లో పదకొండేళ్ళు చేసింది. తెల్లారకుండా లేచి ముంగిట్లో రాత్రి పేరుకున్న ఇసకని గొట్టంతో కడిగేదాన్ని. తడిసిన ఇసక వాసన రెండు నిమిషాలుండి వేడికి ఆవిరైపోయేది. తర్వాత ఇంట్లోకి ఒక్కొక్క వాసనే వచ్చేది. ముందు యాలకుల కాఫీ, తర్వాత మేము మామా అని పిలిచే ఇంటావిడ అద్దం ముందు నిలబడి పట్టించుకునే బుఖూర్ సాంబ్రాణి పొగ, పదింటికి కూరలో ఉడికే ఎండునిమ్మకాయల పుల్లటి ఆవిరి, మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె కింద గంజి కాలే వాసన. శుక్రవారం కొడుకులూ కూతుళ్ళూ పిల్లలతో వచ్చి, మనిషి పట్టేంత పళ్ళెంలో అన్నం చుట్టూ కూర్చునేవాళ్ళు. వాళ్ళు లేచాక ఆ గదిలో తివాచీ దులపడానికి మా ఇద్దరికీ గంట పట్టేది.

ఇన్ని వాసనలూ చేరని గది ఒకటి కింద వెనక పక్కన ఉండేది. అందులో డెట్టాలు వాసన, ఖర్జూరం వాసన, ముసలి ఒంటి వాసన మాత్రమే. అది ఇంటి పెద్దాయన గది. మేము ఆయన్ని బాబా కబీర్ అనేవాళ్ళం, అరబ్బీలో పెద్ద బాబా అని. చక్కెర జబ్బు ఆయన రెండు కళ్ళూ తినేసింది. కళ్ళు పోయాక ఆయన స్నేహితుల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. తడుముకుంటూ నడవడం ఎవరూ చూడకూడదు. గంటకోసారి చేతి గడియారం అద్దం తెరిచి ముల్లు తడిమి చూసుకునేవాడు. చెప్పులు మంచం కింద జానెడు దూరంలో లేకపోతే కర్రతో నేల మీద కొట్టేవాడు. సన్నటి పేము కర్ర అది. నేల మీద ఎంత తేలిగ్గా పడేదో మనిషి మీదా అంత తేలిగ్గా పడేది. నాకు ముందు ఆ గదిలో చేసిన శ్రీలంక పిల్ల ఏడుస్తూ ఏజెన్సీకి వెళ్ళిపోయిందని లక్ష్మీదేవక్క చెప్పింది. నాకు ఇంగ్లీషు వచ్చని మామాకి తెలిసిన రోజే నన్ను వంటింట్లోంచి ఆ గదికి మార్చారు. "యాడ గానీ నోరు విప్పాకు అని నీకు ముందే చెప్పాల్సింది పిల్లా" అంది లక్ష్మీదేవక్క.

పని ఏమిటంటే, ఆయనకి ఇంగ్లండు ఫుట్‌బాల్ చూసి ఇంగ్లీషులో చెప్పడం. కుర్రతనంలో సర్కారు ఆయన్ని యంత్రాల చదువు కోసం ఆ దేశానికి పంపింది. నూలు మిల్లులున్న ఒక చల్లటి ఊళ్ళో నాలుగేళ్ళు ఉన్నాడు. ఆ నాలుగేళ్ళ చదువు గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడిందంతా శనివారాల గురించే. టీవీ సౌండు పూర్తిగా తీసేయమనేవాడు. అరబ్బీలో ఆట చెప్పేవాళ్ళు అరుస్తారు, పొగుడుతారు, బంతి ఎక్కడుందో మాత్రం చెప్పరని ఆయన కోపం. మొదటి శనివారం నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో ఇరవై రెండు ఖర్జూరపు గింజలు తడుముతూ పేర్చి, ఇది వెనక వరస, ఇది మధ్య, వీళ్ళిద్దరూ పక్క గీతల మీద పరిగెత్తేవాళ్ళు అని నేర్పాడు. తర్వాత ఆట మొదలైంది. నేను "ఒకాయన బంతి తన్నాడు బాబా" అన్నాను. కర్ర నా మోకాలి కింద ఎముక మీద పడింది. ఎవడు? ఏ కాలు? ఎటు? ఎంత ఎత్తు? ఆ సాయంత్రం నా కాలి మీద పదకొండు గీతలు తేలాయి. మూడు నెలల్లో నేను చొక్కాల వెనక పేర్లు చదివి, ఎవడు ఎడమ కాలి వాడో, ఎవడు తలతో బాగా కొడతాడో, ఎవడు అలిసిపోయాడో చెప్పగలిగేదాన్ని. ఏ పాఠమూ అంత తొందరగా నాకు ఎప్పుడూ రాలేదు.

ఆయన చెప్పే ఆట వేరు. వాన పడుతుంటుంది. మైదానం పిక్కల లోతు బురద. జనం తడిసిన ఉన్ని కోట్లతో, పొగాకు వాసనతో, మిల్లు సైరను మోగగానే నేరుగా వచ్చి నిలబడతారు, కూర్చునే పద్ధతే లేదు. వెనక నుంచి ఒకడు బంతిని ఆకాశంలోకి తంతాడు. అది పడేచోటుకి ఇద్దరు తలలు పెట్టుకుని పరిగెడతారు. ఎముక మీద ఎముక పడిన చప్పుడు మెట్ల మీద చివరి మనిషికి కూడా వినిపిస్తుంది. వాళ్ళ జట్టులో ముందు పళ్ళు లేని ఒక వెనక ఆటగాడుండేవాడట. ఆట మొదలైన ఐదు నిమిషాల్లో ఎదుటి జట్టు పరుగుగాణ్ణి ఒకసారి గట్టిగా తన్నేవాడు. ఇక ఆ మనిషి ఆట అయ్యేదాకా వీడి వైపు వచ్చేవాడు కాదు. దాన్ని వాళ్ళు పలకరింపు అనేవారట. మణికట్టు విరిగిన గోల్‌కీపరు ఆట చివరిదాకా నిలబడ్డ సంగతి చెబుతుంటే బాబా కబీర్ ముఖం వెలిగిపోయేది. అందులో నేర్పు తక్కువే అని ఆయనే ఒప్పుకునేవాడు. "అది అందమైన ఆట కాదు. కానీ అందులో ఎవడూ నటించలేదు. పడినవాడు లేచేవాడు, లేవలేనివాడు ఇంటికి పోయేవాడు" అనేవాడు.

నా ఎదుట టీవీలో ఉన్నది అది కాదు. అప్పటికే అక్కడి జట్లలోకి ఎక్కడెక్కడి దేశాల ఆటగాళ్ళో వచ్చారు, వాళ్ళతో వేరే పద్ధతులు వచ్చాయి. మైదానం తివాచీలా ఉండేది. బంతిని నేల మీదే ఒకళ్ళకొకళ్ళు అందించుకుంటూ, దారి లేకపోతే వెనక్కి గోల్‌కీపరుకే ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. భుజానికి చెయ్యి తగిలితే ముఖం పట్టుకుని మూడు దొర్లులు దొర్లేవాళ్ళు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. కర్ర పడింది. "ఇంగ్లండులో అలా ఆడరు. నీకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ అదే చెప్పాను, మళ్ళీ పడింది. మూడోసారి నేను, వెనక నుంచి ఒకడు బంతిని ఆకాశంలోకి తన్నాడని చెప్పాను. కర్ర ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆయన ముందుకి వంగాడు. "తర్వాత?" అన్నాడు.

అలా మొదలైంది. గోల్స్ ఎవరు ఎన్ని కొట్టారో మాత్రం మార్చేదాన్ని కాదు. కొడుకు ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి స్కోరు చెప్పి పోతాడు కనక అక్కడ దొరికిపోతాను. గోలు ఎలా పడిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆయన పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదు. ఇరవై పాసులని ఒక పొడుగు తన్ను చేసేదాన్ని. కాలితో మెత్తగా తోసిన గోలుని, ఇద్దరి మధ్యలోంచి లేచి నుదుటితో కొట్టిన గోలు చేసేదాన్ని. ఎండ కాస్తుంటే వాన కురిపించేదాన్ని. ఒక వెనక ఆటగాడికి మా ఊరి రేవులో పడవ నడిపే మనిషి మెడా, కనుబొమ మీద కుట్లూ ఇచ్చి, ప్రతి ఆటలో ఐదు నిమిషాల్లోపు పలకరింపు చేయించేదాన్ని. బాబా కబీర్ నవ్వేవాడు. తనకి వచ్చిన అంజూరాల్లో సగం నా చేతిలో పెట్టేవాడు. కర్ర తలుపు వెనక్కి చేరింది. వంటింట్లోంచి వింటున్న లక్ష్మీదేవక్కకి ఇంగ్లీషు రాదు గానీ, నా గొంతులో వేడి తెలిసేది. "ఇంత బాగ చెప్పాకు పిల్లా. బాగ చేసేదాన్ని ఎవురూ ఇడ్సరు" అంది ఒకసారి. నాకు అప్పుడు గర్వంగా ఉండేది. కళ్ళతో ఒక ఆట చూస్తూ నోటితో ఇంకో ఆట చెప్పడం అందరికీ వచ్చే పని కాదు. ఆయనతో ఎప్పుడూ అనని మాట ఇంకొకటుంది. నా కళ్ళు చూస్తున్న ఆటే నాకు నచ్చేది. ఆ మెత్తటి పాసులు, ఖాళీ ఎక్కడ పుడుతుందో ముందే తెలిసినట్టు పరిగెత్తే మనుషులు. అందులో ఎవడికీ పళ్ళు ఊడనక్కర్లేదు. అలా రెండేళ్ళు గడిచాయి.

మూడో ఏడు వేసవి మొదట్లో మా బావ ఫోను చేశాడు. అమ్మ పోయాక నన్ను ఒళ్ళో వేసుకుని పెంచింది మా అక్క. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. దాని కడుపులో గడ్డ ముదిరిపోయిందని, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని, నిన్నే అడుగుతోందని బావ చెప్పాడు. నేను మామా దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ పాపం అంది. కానీ పాస్‌పోర్టు పెద్దాయన బీరువాలో ఉంది, నీ వీసా పూచీ తీసుకున్న కఫీల్ ఆయన, ఆయన్నే అడుగు అంది. అడిగాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇంకా మూడు శనివారాలున్నాయి, ఆఖరి ఆట అయ్యాక వెళ్ళు అన్నాడు. అంతదాకా అక్క ఉండదన్నాను. డాక్టర్లు ఎప్పుడూ అలాగే అంటారు, ఏమీ కాదన్నాడు. ఈ మూడు ఆటలూ ఇంట్లో ఇంకెవరైనా చెబుతారని కాళ్ళ మీద పడ్డాను.

"ఇంట్లో ఇంకెవరికీ కళ్ళు లేవు మరియం" అన్నాడు.

నేను చెడ్డగా చెప్పి ఉంటే, తడబడి ఉంటే, నన్ను ఆ రోజే విమానం ఎక్కించేవాళ్ళు. నా అబద్ధాలు అంత బాగున్నాయి కాబట్టే నన్ను పంపలేదు. ఆ మొదటి శనివారం నేను ఎప్పటిలాగే వాన కురిపించాను, బురద పోశాను, తలలు ఢీకొట్టించాను. మనసు మెత్తబడుతుందేమోనని అంతకుముందెప్పుడూ చెప్పనంత బాగా చెప్పాను. ఆయన తొడ మీద చరుచుకుని మెచ్చుకున్నాడు. బీరువా తెరవలేదు. గురువారం పొద్దున అక్క పోయింది. నేను గొట్టం వదిలేసి ముంగిట్లో తడి నేల మీద కూలబడ్డాను. లక్ష్మీదేవక్క వచ్చి నీళ్ళు కట్టేసి, నా పక్కనే ఆ తడిలో కూర్చుంది. మామా సంగతి లోపల చెప్పినట్టుంది, బాబా కబీర్ నన్ను పిలిపించాడు. దేవుడి పేరు ఎత్తి రెండు మాటలు అన్నాడు. ఇక ఇప్పుడు వెళ్ళినా మట్టి చూడ్డమే కదా అన్నాడు. నేను గోడకి ఆనుకుని జారిపోయి ఏడుస్తున్నాను.

"ఖలాస్. పడినవాడు లేవాలి. లే" అన్నాడు.

లేచాను.

శనివారం స్టూలుని కర్ర అందనంత దూరం జరుపుకుని కూర్చున్నాను. ఆట మొదలైంది. "గోల్‌కీపరు బంతిని చేత్తో దొర్లించి ఎడమ పక్కవాడికి ఇచ్చాడు" అన్నాను. "అతను మధ్యవాడికి ఇచ్చాడు. మధ్యవాడు మళ్ళీ ఎడమ పక్కకే ఇచ్చాడు. అతను వెనక్కి గోల్‌కీపరుకి ఇచ్చాడు." ఆయన నొసలు ముడిపడ్డాయి. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. అప్పుడాయన నవ్వి, సరే, మళ్ళీ చెప్పు అన్నాడు. మళ్ళీ అదే చెప్పాను, పేర్లతో, కాళ్ళతో, ఆయన నాకు కొట్టి నేర్పినట్టే అణువు కూడా వదలకుండా. ఆయన కర్ర కోసం తలుపు దాకా తడుముకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాడు. అది గాలిలో ఊగింది, స్టూలుకి తగల్లేదు. అబద్ధం చెబుతున్నావన్నాడు. ఇవాళ చెబుతున్నది నిజమనీ, ఈ రెండేళ్ళూ చెప్పినవే అబద్ధాలనీ చెప్పాను. బురద లేదు. వాన చాలాసార్లు పడలేదు. నుదుటితో కొట్టాడని చెప్పిన గోల్స్ కాలి బొటనవేలితో తోసినవి. కనుబొమ మీద కుట్లున్న మనిషి అసలు లేనేలేడు, వాడు మా ఊళ్ళో పడవ నడుపుతాడు. అవన్నీ నెమ్మదిగా, ఒక్కొక్కటే, ఆయనకి అర్థమయ్యే మంచి ఇంగ్లీషులో చెప్పాను. అలా చెప్పడం నాకు బాగుంది. ఆ మాట దాచి రాస్తే ఇదంతా రాయడం దండగ.

ఆయన కొడుకుని కేకేశాడు. అతను కారు తాళాలతో గుమ్మంలోకి వచ్చాడు. ఇంగ్లండులో ఇప్పుడు బంతిని పొడుగ్గా తన్నడం లేదంటోంది ఈ పిల్ల, నిజమేనా అని బాబా అడిగాడు. కొడుకు అర నిమిషం టీవీ వంక చూశాడు. "ఆ ఆట పోయి చాలా కాలమైంది కదా బాబా. అందరికీ తెలుసు" అని వెళ్ళిపోయాడు. అతనికి అది మామూలు మాట. బాబా కబీర్ కర్రని రెండు చేతుల్తో పట్టుకుని, టీవీ లేని వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయనకి పోయింది ఆట ఒక్కటే కాదని నాకు అప్పుడే తెలిసింది. తను చలిలో నిలబడి నేర్చుకున్న ధైర్యం, ఇంట్లో అందరినీ కొలిచిన కొలత, అన్నీ ఆ మైదానం మీదే ఉన్నాయి. అది తెలిసి కూడా మిగిలిన గంటా ఒక్క పాసు వదలకుండా చెప్పాను.

ఆఖరి శనివారం నేను రాకముందే ఆయన పళ్ళెంలో గింజలు పేర్చుకుని ఉన్నాడు. కర్ర గదిలో ఎక్కడా లేదు. టీవీ పెట్టగానే, పాత పద్ధతిలో చెప్పు అన్నాడు. అలా ఆడటం లేదు బాబా అన్నాను.

"తెలుసు. అబద్ధమే చెప్పు" అన్నాడు.

ఆ గొంతుతో ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఉండడు. నాకు మా అక్క గుర్తొచ్చింది. అది నన్ను ఎన్నిసార్లు అడిగిందో బావ ఫోనులో చెప్పాడు. నేను బంతి ఎవరి దగ్గరుందో చెప్పాను, ఎవరికి ఇచ్చాడో చెప్పాను, వరసగా పద్దెనిమిది పాసులు లెక్కపెట్టి చెప్పాను. ఆయన వేలు పళ్ళెంలో గింజ నుంచి గింజకి కదులుతూ కదులుతూ ఒకచోట ఆగిపోయింది. తర్వాత కదల్లేదు. మర్నాడు ఆయనే బీరువా తడుముకుని తీసి, నా పాస్‌పోర్టు ఇచ్చాడు. అందులో ఆయన ఫోటో ఒకటి ఇరుక్కుని ఉంది, కుర్రవాడు, ఉన్ని కోటు. అది తీసి మంచం మీద పెట్టి వచ్చేశాను. అది తన ఫోటో అని ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆటలో ఏది మంచిదన్న తగువు నాకు లేదు. పాత ఇంగ్లీషు ఆట మొరటుది, నేర్పు తక్కువది, అందులో జాలి లేదు. దాన్ని ప్రేమించిన మనిషిలోనూ లేదు. నేను మెచ్చుకున్న ఆట తెలివైనది, ఓపికైనది, దెబ్బ తగలకుండా ఎదుటివాణ్ణి ఓడించేది. నేను ఆయన్ని ఓడించింది ఆ పద్ధతిలోనే. ఆయన నా కాలి మీద పెట్టిన గీతలు ఏడాదిలో మానిపోయాయి. ఇప్పుడు క్లినిక్‌లో కళ్ళు సరిగ్గా కనపడని ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని గదుల్లోకి తీసుకెళ్ళడం నా ఉద్యోగం. మెట్టు ఎక్కడుందో, తలుపు ఎటుందో నిజమే చెబుతాను. అందరూ నన్ను మంచిదంటారు.

ఏడాది తర్వాత వేరే ఇంటి వీసా మీద తిరిగొచ్చాక, ఒక శుక్రవారం ఖైతాన్ బజార్లో లక్ష్మీదేవక్క కనపడింది. బాబా కబీర్ చలికాలంలో పోయాడని చెప్పింది. నేను వెళ్ళాక కొత్తగా ఎవరినీ పెట్టుకోలేదట. కానీ ఆటలు మళ్ళీ మొదలయ్యాక శనివారం పూట లక్ష్మీదేవక్కని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టుకునేవాడట. ఇంగ్లీషు రాదు, ఆట తెలీదు, ఏం చెప్పావు అక్కా అని అడిగాను.

"మన తెలుగులోనే చెప్పినా. ఎవుడో తన్నె, ఎవుడో పడె, మళ్ళా లేసె, అంటా కూచుంటి. నాకు తెల్సినేది అంతే గదా" అంది. "ఆయప్పకి ఒక ముక్క తెలిస్తే గదా. అయినా తలకాయ ఊపుతా ఇంటా ఉన్న్యాడు. పోయే ముందర వారం గూడా ఇన్న్యాడు."

ఆమె చేతి సంచీ అందుకుని బస్సు దాకా మోశాను.